కొలువులో వినిపించే పేరు

ఎండ చల్లబడిన తరువాత కొలువు తీరుతుంది. పచ్చిక మైదానంలో ఒక కొసన డేరా, డేరాలో రెండు ఎత్తయిన ఆసనాలు, వాటి మీద కిరీటాలు ధరించిన ఒక రాజు, ఒక రాణి. ఎదుట మడత కుర్చీలలోనూ, పచ్చిక మీదనూ ప్రజలు కూర్చుంటారు. కొందరి ఒంటి మీద నార్మనుల పొడుగు అంగీలు, కొందరి మీద వెనిసు వర్తకుల పట్టుబట్టలు, కొందరి మీద ఉత్తర సముద్రాల నావికుల ముతక ఉన్ని. ఆసనం పక్కన నిలిచిన వంది చేతిలోని కాగితం చూచి ఒక పేరు బిగ్గరగా పిలుస్తాడు. ఆ పేరు గల స్త్రీ వెనుక వరుసలో ఎవరితోనో మాటలాడుతూ ఉంటుంది. మొదటి పిలుపు ఆమె చెవిని పడదు. రెండవసారి పిలిచినప్పుడు పక్కవారు భుజం తడతారు. ఆమె ముఖంలో మొదట కనిపించేది సంతోషం కాదు, భయం. తాను చేసిన తప్పు ఏదో బయటపడ్డదన్నట్లు లేచి, తడిచేతులు కొంగుగుడ్డకు తుడుచుకుంటూ, జనం మధ్య దారి చేసుకొని పోయి, రాజు ముందున్న మెత్త మీద మోకరిల్లుతుంది.

అప్పుడు రాజు ఆమెకే కాక మైదానమంతటికీ వినపడేటట్లు చెబుతాడు: ఈమె ఇన్ని సంవత్సరాలుగా ఫలానా పని చేస్తున్నది, ఆ సంగతి మాకు తెలిసింది, అందుకు ఈ గౌరవం ఇస్తున్నాము అని. వంది సన్నదు చదువుతాడు. జనం ముమ్మారు జయధ్వానం చేస్తారు. తిరిగి తన చోటికి పోయేటప్పుడు ఆమె కన్నులు తుడుచుకుంటుంది.

ఆ సన్నదును ఏ బ్యాంకులోనూ తాకట్టు పెట్టడానికి లేదు. ఉద్యోగపు దరఖాస్తులో దాన్ని గురించి రాస్తే చదివినవారు నవ్వవచ్చు. దాన్ని ఇచ్చిన రాజు సోమవారం ఉదయం మామూలు చొక్కా తొడుక్కొని తన కార్యాలయానికో, కర్మాగారానికో పోతాడు. మరి కొన్ని నెలలకు అతని కిరీటం ఇంకొకరి తల మీదికి పోతుంది. ఇంత తేలికైన వస్తువు అంతటి కన్నీరు ఎట్లా తెప్పించగలుగుతున్నది? ఇది వేళాకోళానికి వేసే ప్రశ్న కాదు. గౌరవమనేది ఎక్కడ పుడుతుంది, ఎవరి చేతుల మీదుగా వస్తుంది అన్న పెద్ద ప్రశ్న ఇందులోనే ఉన్నది.

ఈ కొలువులు నడిపే సంస్థ పేరు సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం. ఒక కాలపు వస్తువును మరొక కాలంలో నిలబెట్టే దోషానికి పాశ్చాత్యులు పెట్టిన పేరు అనాక్రనిజం. పౌరాణిక నాటకంలో ధర్మరాజు ముంజేతికి గడియారం కనిపిస్తే ప్రేక్షకులు నవ్వుతారు గదా, అటువంటి దోషం. దానినే తెలిసి, ఇష్టపడి, కళగా మలచుకొన్నవారి సమాజం ఇది. 1966 మే 1వ తేదీన కాలిఫోర్నియాలోని బర్కిలీ పట్టణంలో, తరువాత నవలా రచయిత్రిగా పేరు తెచ్చుకొన్న డయానా పాక్సన్ ఇంటి పెరటిలో, మధ్యయుగాల మీద మక్కువ గల మిత్రులు చేరి కత్తిపోటీలు జరుపుకొన్నారు. ఆట ముగిసిన తరువాత టెలిగ్రాఫ్ అవెన్యూ అనే వీధి వెంట పాటలు పాడుకుంటూ ఊరేగారు. ఒక్కనాటి వేడుకగా మొదలైనది అక్కడితో ఆగలేదు. మరొకసారి ఆడటానికి ఉద్యానవనం కావలసి వచ్చినది. అనుమతిపత్రంలో సంఘం పేరు రాయవలసిన చోట ఈ పొడుగాటి పేరును మేరియన్ జిమ్మర్ బ్రాడ్లీ అనే రచయిత్రి సూచించిందని చెబుతారు. 1968లో అది లాభాపేక్ష లేని సంఘంగా నమోదైనది. నేడు దానికి 20 “రాజ్యాలు” ఉన్నాయి. అమెరికా, కెనడాలలోనే కాక ఐరోపాలోనూ, ఆస్ట్రేలియా, న్యూజిలాండులలోనూ వాటి ప్రజలు ఉన్నారు. పెన్సిక్ యుద్ధమనే పేరుతో 1972లో మొదలైన ఉత్సవం ఇప్పుడు వేసవిలో పశ్చిమ పెన్సిల్వేనియాలో జరుగుతుంది. దానికి 10,000 మంది చేరిన సంవత్సరాలున్నాయి. ఆ యుద్ధంలో ఓడినవారు పిట్స్‌బర్గ్ నగరాన్ని పుచ్చుకోవలసి ఉంటుందన్నది వారిలో వారికి ఒక హాస్యం.

ఈ సంస్థ పుట్టిన దేశం బిరుదులను తోసిపుచ్చిన దేశం. ప్రభువర్గపు బిరుదులేవీ ఈ రాజ్యం ఇవ్వరాదని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోనే రాసుకొన్నారు. భారత రాజ్యాంగంలో 18వ అధికరణం కూడా సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప తక్కిన బిరుదులను రద్దు చేసింది. 1954లో నెలకొల్పిన పద్మ పురస్కారాలను పేరుకు ముందో వెనుకో బిరుదుగా తగిలించుకోకూడదని 1995లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రాయబహదూరుల కాలాన్ని చూచిన ప్రజలకు ఆ నిషేధం ఎందుకు అవసరమైనదో వేరే చెప్పనక్కరలేదు. అట్లాంటప్పుడు బిరుదులు లేని సమాజంలో పుట్టి పెరిగినవారు, సెలవు దినాన రాజు ముందు మోకరిల్లి, బిరుదు పొంది, ఆనందబాష్పాలు రాల్చటమేమిటి?

ఇందుకు జవాబు వారి నియమాలలోనే ఉన్నది. ఈ ఆటలోకి అడుగుపెట్టిన ప్రతి మనిషినీ కులీనుడుగానే భావించవలెనన్నది మొదటి నియమం. ఎవరి కొడుకు, ఎవరి కూతురు అన్న ప్రసక్తి లేదు. రాజు కొడుకైనా పెద్దవాడై ఆటలోకి వచ్చినప్పుడు అందరితోపాటు అడుగు మెట్టు మీదనే నిలబడవలెను. బయటి ప్రపంచపు పదవులకు ఇక్కడ చెల్లుబాటు లేదు. పెద్ద వైద్యుడు, పెద్ద వకీలు ఇక్కడ ఏ బిరుదూ లేని కొత్తవాడు. సరకుల కొట్టులో గుమాస్తా ఇక్కడ మహారాణి కావచ్చు. ఎవరూ తమంతట తాము ఏ హోదానూ చెప్పుకోరాదు. కొలువులో ఇచ్చినదే హోదా. మధ్యయుగాల నుంచి బిరుదును తెచ్చుకొన్నారు గాని, ఆనాడు బిరుదుకు మూలమైన పుట్టుకను తెచ్చుకోలేదు. నగను పట్టుకొని సంకెలను వదిలేశారనవచ్చు.

సెర్వాంటిస్ 1605లో వెలువరించిన డాన్ క్విక్సోట్ కథ తెలిసినవారికి ఇక్కడ ఒక ఘట్టం జ్ఞాపకం రాక మానదు. పాత వీరగాథలు చదివి మతి తప్పిన ఆ ముసలి పెద్దమనిషి, పూటకూళ్ళ ఇంటిని కోట అనుకొని, దాని యజమానిని తనకు వీరపట్టం కట్టమని బతిమాలుతాడు. ఆ యజమాని గడ్డికీ గింజలకూ లెక్కలు రాసుకొనే పుస్తకాన్ని చేత బట్టి, మంత్రం చదివినట్లు గొణిగి, మెడ మీద ఒక దెబ్బ వేసి, పట్టం కట్టాననిపిస్తాడు. చూచినవారు నవ్వు ఆపుకోలేకపోతారు. క్విక్సోట్ ఒక్కడే నమ్మాడు. బర్కిలీ పెరటిలో పుట్టిన కొలువుకూ ఆ పూటకూళ్ళ ఇంటికీ భేదం ఒక్కటే: ఇక్కడ అందరూ కలిసి నమ్ముతారు. అది ఆట అని అందరికీ తెలుసు, తెలిసే నమ్ముతారు. ఆ నమ్మకం ఏ ఆధారం మీద నిలుస్తున్నదో చూడవలెనంటే ముందు పోటీబరి దగ్గరకు పోవలెను.

రాజు కావడానికి ఇక్కడ ఉన్న దారి కిరీటపు పోటీలో గెలవటం. ఉక్కు శిరస్త్రాణం, కవచం, డాలు అన్నీ నిజమైనవే. కత్తి మాత్రం పేముబెత్తంతో చేసినది. దెబ్బలు ఉత్తుత్తివి కావు, బలంగా కొడతారు. గెలిచినవారు, వారు ఎవరి పేరున పోరాడారో వారు, ఇద్దరూ రాజ్యమేలుతారు. చాలా రాజ్యాలలో ఏలుబడి ఆరు నెలలు. అన్నిటికంటె పాతదైన పడమటి రాజ్యంలో నాలుగే నెలలు. ఇందులో విశేషం పోటీదారుల బలం కాదు. తగిలిన దెబ్బ ప్రాణాంతకమైనదా కాదా అని తేల్చవలసినవాడు దెబ్బ తిన్నవాడే. బరిలో పర్యవేక్షకులు ఉంటారు. వారు ప్రమాదాలను కనిపెడతారు తప్ప గెలుపు ఓటములు తేల్చరు. దెబ్బ గట్టిదని తనకు తోచినప్పుడు తినినవాడే “తగిలింది” అని ఒప్పుకొని పడిపోవలెను. చేతికి తగిలితే ఆ చేతిని వెనక్కు పెట్టుకొని పోరాడవలెను. కిరీటం చేతికందే ఆఖరి క్షణంలో కూడా ఇదే ధర్మం.

ఆలోచిస్తే రాజ్యమంతటికీ ఇదే పునాది. గెలిచినవాడు గెలిచానని చెప్పుకోవటానికి లేదు, ఎదుటివాడు ఒప్పుకోవలెను. రాజు తల మీది కిరీటం, ఓడినవాడు పలికిన ఒక నిజం మాట మీద నిలబడి ఉన్నది. ఆ మాట చెప్పడానికి మనసొప్పక తగిలిన దెబ్బలను తగలలేదన్నవాడికి గెలుపు దొరికితే దొరకవచ్చు గాని, మైదానంలో గౌరవం దొరకదు. అంటే, ఈ ఆటలో గౌరవమనేది మొదటినుంచీ చివరిదాకా మరొకరి నోటి నుంచి రావలసిందే.

బరి వెలుపల లభించే గౌరవాలకు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టు లాంఛనపు సన్నదు. తన డాలు మీద రాసుకొన్న చిహ్నాన్ని రాజముద్రతో ధరించే హక్కు, పేరు ముందు లార్డ్ అనో లేడీ అనో పిలిపించుకొనే హక్కు దానితో వస్తాయి. వరాహ లాంఛనపు చాళుక్యుల కథ విన్న తెలుగువారికి లాంఛనమంటే ఏమిటో విప్పి చెప్పనక్కరలేదు. సంస్థలోని వందులకు ఇది పెద్ద శాస్త్రం; ఒకరి పేరూ చిహ్నమూ మరొకరి వాటితో కలవకుండా, అవి ఆ పాత కాలానికి తగినవేనా అని విచారించి నమోదు చేస్తారు. ఆ పై మెట్లలో ఆయా రాజ్యాలకు సొంతమైన పురస్కారాలు ఎన్నో ఉన్నాయి. అన్నిటికీ మీద ఉన్నవి మహాశ్రేణులు.

పేము కత్తితో పోరాడటంలో ఆరితేరినవారికి వీరశ్రేణి. తెల్లని నడికట్టు, నిరాడంబరమైన బంగారు వన్నె గొలుసు, మడమలకు ముళ్ళు వారి గుర్తులు. వారు రాజుకు విధేయతా ప్రమాణం చేస్తారు. అటువంటి ప్రమాణం చేయడానికి మనస్సు ఒప్పనివారికి అదే శ్రేణిలో వేరొక దారి ఉన్నది. వారు నడికట్టుకు బదులు భుజం మీదుగా తెల్లని పట్టీ ధరిస్తారు. మనిషి సామర్థ్యాన్ని గౌరవించటానికి అతని అంతరాత్మను వంచనక్కరలేదని ఆ తెల్లపట్టీ చెబుతున్నది. కళలలోనూ విద్యలలోనూ నిష్ణాతులకు లారెల్ శ్రేణి. పాత పద్ధతుల ప్రకారం నేత నేసేవారు, సిరాలు కాచేవారు, లోహపు పని చేసేవారు, మరుగుపడిన వంటలను గ్రంథాల నుంచి వెలికి తీసేవారు అందులో ఉంటారు. సన్నకత్తి విద్యలో గొప్పవారికి చాలాకాలం ఈ స్థాయి గౌరవం లేదు. ఎన్నో ఏళ్ళ చర్చ తరువాత 2015లో వారికొక శ్రేణి ఏర్పడినది.

సేవకు ఇచ్చేది పెలికన్ శ్రేణి. పెలికన్ అంటే గూడబాతు. నేలపట్టు, తేలినీలాపురం చెట్ల మీద గూళ్ళు కట్టుకొనే పక్షి. తిండి దొరకనప్పుడు అది తన రొమ్మును ముక్కుతో చీల్చుకొని ఆ నెత్తుటితో పిల్లలను పోషిస్తుందని మధ్యయుగాల ఐరోపావారు నమ్మారు. పక్షిశాస్త్రం దాన్ని ఒప్పుకోదు. ఐనా, చేసిన పని కంటికి ఆనకుండా తమను తాము ఖర్చు పెట్టుకొనేవారికి అంతకంటె తగిన గుర్తును వెతకటం కష్టం.

మహాశ్రేణిలో చేర్చే ముందు రాజు ఆ శ్రేణివారిని తప్పక సంప్రదించవలెనని నియమం. నైపుణ్యం ఒక్కటే చాలదు. మర్యాద, ఇతరుల ఎడల ప్రవర్తన కూడా చూస్తారు. ఎన్నికైన మనిషి పట్టానికి ముందు జాగారం చేయటం ఆచారం. ఒక డేరాలో కూర్చుంటే పెద్దలూ మిత్రులూ ఒక్కొక్కరుగా లోపలికి వచ్చి, ఈ గౌరవం ఎంత బరువైనదో, దాన్ని ఎట్లా మోయవలెనో తమకు తోచినది చెప్పి పోతారు.

ఇంతవరకు చెప్పినది ఇచ్చే తీరు. ఇవ్వవలసినవారెవరో రాజుకు తెలిసేది ఎట్లా? నాలుగు నెలలో, ఆరు నెలలో ఏలే మనిషికి, కొన్ని వందల మైళ్ళ మేర పరచుకొన్న రాజ్యంలో ఎవరు ఎక్కడ ఏమి చేస్తున్నారో ఎవరు చెబుతారు? దీనికి జవాబు అతి సామాన్యమైనది: ఉత్తరం. ఎవరైనా రాయవచ్చు. నిన్న చేరినవారు కూడా రాయవచ్చు. ఫలానా వ్యక్తి పేరు ఇది, ఉండే చోటు ఇది, ఇంతకాలంగా ఈ పని చేస్తున్నారు, నేను కళ్ళారా చూచినది ఇది అని రాజదంపతులకు పంపవచ్చు. తన కోసం తాను రాసుకోవటం మాత్రం మర్యాద అనిపించుకోదు. ఇక్కడ తాను గెలిచానని తాను చెప్పుకోరాదన్న బరిలోని ధర్మమే మరొక రూపంలో వచ్చినది.

సిఫారసు అన్న మాటకు మన దేశంలో మంచి వాసన లేదు. సిఫారసు అంటే ఎవరో పెద్దమనిషి చీటీ, ఎవరికో దక్కవలసినది మరెవరికో పోవటం. ఇక్కడి సిఫారసు దానికి తలకిందులైనది. అది కింది నుంచి పైకి, పేరు లేనివారి నుంచి కిరీటానికి పోతుంది. అయితే ఆ ఒక్క కారణం చేత ఇందులో అన్యాయం లేదనుకొంటే పొరపాటు. ఉత్తరాలు రావలసిన చోట ఉత్తరాలు రాకపోవటమే ఇక్కడి అన్యాయం.

ఒక స్త్రీని ఊహించుకోవలెను. ప్రతి రాజ్యంలోనూ ఆమె ఉంటుంది. విందు జరిగిన ప్రతి రాత్రీ, వీణ వాయించేవారి చుట్టూ జనం మూగినప్పుడు, ఆమె వంటశాలలో పెద్ద గుండిగలు తోముతూ ఉంటుంది. ఆమె కత్తి పట్టదు. పాట కట్టదు. ఆమె కుట్టిన అంగీలో ఏ విశేషమూ లేదు. చేసిన పని తెల్లవారేసరికి కనిపించకుండా పోవటమే ఆ పనిలోని గొప్ప. గుండిగలు మాసిపోయి ఉంటేనే అందరికీ ఆమె జ్ఞాపకం వస్తుంది. మొదటి ఏడాది ఆమెకు ఏ ఆశా లేదు. మూడవ ఏట తనతోపాటు చేరినవారి పేర్లు కొలువులో వినిపించాయి. ఆమె నిండు మనస్సుతో చప్పట్లు కొట్టింది. ఆరవ ఏట కొలువు తీరిన సాయంత్రాలలో ఆమె కొంచెం ముందు వరుసలో కూర్చోవటం మొదలుపెట్టింది. ఆ సంగతి ఆమె తనకు తాను కూడా చెప్పుకోలేదు. ఎనిమిదవ ఏట, కొలువు జరిగేటప్పుడు వంటశాలలోనే ఉండిపోవటం నేర్చుకొన్నది.

ఆమెకు ఎవరూ ద్రోహం చేయలేదు. అదే ఇందులోని విషాదం. ఆమె పని అందరికీ తెలుసు. ఆమె మంచిదని అందరూ అంటారు. ఇంతకాలంగా ఉన్న మనిషి గదా, ఎప్పుడో వచ్చి ఉంటుందిలే అని ప్రతి ఒక్కరూ అనుకొన్నారు. వంద మంది ఒకే మాట అనుకొని, వంద మందీ ఉత్తరం రాయలేదు. కన్ను ఎప్పుడూ మెరిసేదాని వైపు పోతుంది. బరిలో మెరిసిన కత్తిని చూచినవారు వందలు, వంటశాలలో వెలిగిన దీపాన్ని చూచినవారు ఇద్దరో ముగ్గురో. రాజు తరచు పోయే ఊళ్ళవారి పేర్లు ముందు వినిపిస్తాయి. మారుమూల ఊరివారి పేర్లు ఆలస్యంగా వినిపిస్తాయి. మాటకారి మిత్రులు గలవారికి ఉత్తరాలు పోతాయి. మౌనంగా పనిచేసేవారి మిత్రులు కూడా చాలాసార్లు మౌనులే. మహాశ్రేణుల సమావేశాల సంగతి మరీ కష్టం. ఒకరి పేరు అక్కడ చర్చకు వచ్చి, ఏదో లోపం కనిపించి, పక్కన పెట్టినప్పుడు, ఆ మాట అతనికి చెప్పేవారు ఉండరు. తనలో లోపమేమిటో తెలియక, అడగటం మర్యాద కాక, ఏళ్ళు గడిచిపోతాయి. అడగరాని వస్తువు కోసం ఎదురు చూడటం మనిషిని కొంచెం కొంచెంగా కొరుకుతుంది. కొందరిలో అది అసూయ అవుతుంది. కొందరు ఏమీ అనకుండా ఒక ఏడాది నుంచి రావటం మానేస్తారు.

పని కోసం పని చేసినవారికి గౌరవం ఎందుకు అని అడిగేవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. ఫలాపేక్ష లేని కర్మను బోధించిన దేశంలో ఆ ప్రశ్న మరీ సులభంగా పుడుతుంది. అయితే ఆ బోధ పని చేసేవారికి చెప్పినది. పని చేయించుకొనేవారికి చెప్పినది కాదు. ప్రతిఫలం కోరకపోవటం ఆమె సుగుణం కావచ్చు. ఆమె కోరలేదు గదా అని ఊరకుండటం తక్కినవారి సుగుణం కాజాలదు.

హిందీ, ఉర్దూ కవిసభలలో మంచి పద్యం విన్నప్పుడు శ్రోతలు ‘దాద్’ ఇస్తారంటారు. మెప్పు అని దాని అర్థం. కాని ఆ మాట పారసీక భాష నుంచి వచ్చినది. అక్కడ దాద్ అంటే న్యాయం. మొరపెట్టుకొనటాన్ని ఫర్యాదు అంటారు గదా, దానికి తోడుగా దాద్-ఫర్యాద్ అనే జంటమాట కూడా ఆ భాషలలో ఉన్నది. మెచ్చుకోవటం దయ కాదు, ఒకరికి రావలసినది వారికి ముట్టజెప్పటం అని ఆ మాట గుర్తు చేస్తున్నది. తెలుగు మాట అయిన గుర్తింపు మరొక వైపు నుంచి అదే చెబుతుంది. గుర్తు అంటే చిహ్నం. గుర్తు అంటే జ్ఞాపకం కూడా. ఒకరి డాలు మీద గుర్తు పెట్టడానికి ముందు మరొకరి మనస్సులో గుర్తు ఉండవలెను. శ్రీనాథునికి జరిగిందని చెప్పుకొనే కనకాభిషేకంలోని టంకాలు నేడు ఎక్కడా లేవు. ఒక నాటి సభ ఒక కవిని చూచిందన్న జ్ఞాపకం మాత్రమే నిలిచి ఉన్నది.

ఆమె కథలో ఉత్తరం రాసినవాడు పెద్దమనిషి ఎవరూ కాదు. చేరి ఆరు నెలలైనా కాని యువకుడు. అంగీ కూడా అరువు తెచ్చుకొన్నది. ఒక రాత్రి విందు తరువాత చేయడానికి పనేమీ తోచక వంటశాలలోకి పోయి, తుడుపుగుడ్డ అందుకొని, ఆమె కడిగిన గిన్నెలు తుడిచాడు. మాటల మధ్య, మీకు ఏ గౌరవం ఉన్నది, మిమ్మల్ని ఏమని పిలవవలెను అని అమాయకంగా అడిగాడు. ఏమీ లేదన్నది ఆమె. అతను నమ్మలేదు. రాజ్యంలో ఎవరికి ఏ గౌరవం ఏ తేదీన వచ్చినదో వరుసగా రాసిపెట్టే పట్టిక ఒకటి ఉంటుంది. మరునాడు దాన్ని మొదటినుంచీ చివరిదాకా వెతికాడు. ఆమె పేరు లేదు. కొత్తవాడు గనుక, ఎప్పుడో వచ్చి ఉంటుందిలే అని అనుకోవటం అతనికి ఇంకా అలవాటు కాలేదు. ఒక పుట ఉత్తరం రాసి పంపించాడు. అందులో అలంకారాలేమీ లేవు. పదకొండు సంవత్సరాలు, పెద్ద గుండిగలు, ఎవరూ అడగకుండానే, ఇంతే.

ఆ ఉత్తరం చదివిన తరువాత సన్నదు తయారు కావలెను. దానికి రాజ్యంలో లేఖకులు ఉంటారు. జీతం లేని పని. పాత పుస్తకాలలోని అక్షరాల తీరు అభ్యసించి, కలం చెక్కుకొని, అంచుల మీద తీగలూ పక్షులూ రంగులతో, కొన్నిసార్లు బంగారు రేకుతో దిద్ది, ఒక్కొక్క సన్నదుకు ఎన్నో సాయంకాలాలు ఖర్చు పెడతారు. చాలాసార్లు సన్నదు ఎవరికి పోతున్నదో వారి ముఖం లేఖకులు చూచి ఉండరు. పని పెరిగి సన్నదులు నెలల తరబడి ఆలస్యమవటం కూడా కద్దు. ఒకరి సేవకు ఇచ్చే గౌరవం మరొకరి సేవ లేకుండా తయారు కాదు; ఆ లేఖకుల కోసం కూడా ఎవరో ఒకరు ఉత్తరం రాయవలసి ఉంటుంది.

ఆ సాయంకాలం కొలువులో వంది ఆమె పేరు పిలిచాడు. ఆమెను వంటశాల నుంచి ఏదో మిష మీద పిలుచుకొని వచ్చి వెనుక వరుసలో కూర్చోబెట్టినవారు ఆ కుట్రలో భాగస్వాములు. ఆమె భయపడింది, లేచింది, తడిచేతులు తుడుచుకొన్నది, మోకరిల్లింది. రాజు పదకొండు సంవత్సరాలు అన్నప్పుడు జనంలో ఒక క్షణం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో చాలామంది తల వంచుకొన్నారు. అది రాజు ముందు చూపిన వినయం కాదు. తరువాత మూడు జయధ్వానాలూ మామూలుకంటె గట్టిగా వినిపించాయి.

సన్నదులో రాజు పేరు ఉన్నది, రాణి పేరు ఉన్నది, ఆమె పేరు ఉన్నది, అడుగున చిన్న అక్షరాలలో లేఖకురాలి గుర్తు ఉన్నది. ఉత్తరం రాసినవాడి పేరు లేదు; ఉండదు కూడా. అతను మూడవ వరుసలో అందరితోపాటు నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. కొలువు ముగిసి, డేరా దించి, కుర్చీలు మడిచిన తరువాత, జనం విందుకు పోయారు. రాత్రి గుండిగలు ఎప్పటిలాగానే ఉన్నాయి. ఆమె కొంగుగుడ్డ కట్టుకొని వంటశాలలోకి పోయేసరికి, అంతకు ముందే అక్కడ నలుగురైదుగురు చేతులు పైకి మడుచుకొని నిలబడి ఉన్నారు. వారిలో మెడలో బంగారు గొలుసు ఉన్న వీరుడు ఒకడు, నీళ్ళు వేడెక్కాయా అని అడుగుతున్నాడు.